పడవ వెనుక గోడ

సువిశేషం: మార్కు 4:35-41



ప్రభువు గాలితుపానును అణచిన ఘట్టం మనందరికీ బాగా తెలుసు. బి-సంవత్సరంలో సామాన్య కాలపు 12వ ఆదివారం నాడు శ్రీసభ ఈ సువిశేషాన్నే మనకు వినిపిస్తుంది. జ్ఞానోపదేశం తరగతిలో పిల్లలను అడిగినా గడగడా చెప్పేస్తారు. అలలు లేచాయి, శిష్యులు భయపడ్డారు, ప్రభువు లేచి గాలిని గద్దించాడు, సరస్సు నిమ్మళించింది. కాని "ప్రభువు పడవలో ఏ చోట పడుకున్నాడు?" అని అడిగితే పెద్దవాళ్లం కూడా తడుముకుంటాం.

మార్కు ఆ చోటును మరువలేదు. పడవ వెనుక భాగంలో, తలగడ మీద అని రాశాడు (4:38). ఇదే సంఘటనను చెప్పిన మత్తయి, లూకా ఆ మాట చెప్పలేదు. గురువిద్యార్థిగా ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. అయినా దానిలోని అర్థం నాకు గురువిద్యాలయంలో అందలేదు. చదువు రాని ఒక సరంగు దగ్గర అందింది.

నేను కొత్తగా గురుపట్టం పొంది, గోదావరి పాయల ఒడ్డున ఒక విచారణలో సహాయ గురువుగా ఉన్న రోజులవి. ఆ విచారణ కింద ఒక లంక గ్రామం ఉండేది. నెలకొకసారి అక్కడికి దివ్యబలిపూజకు వెళ్లేవాణ్ణి. వెనుక ఇంజను బిగించిన చిన్న ఫైబర్ పడవ మాకు ఆధారం. దాన్ని నడిపే సరంగు మన విశ్వాసే.

ఒక ఆదివారం పూజ ముగించి బయలుదేరేసరికి మధ్యాహ్నం దాటింది. సముద్రపు గాలి లేచింది. ముందు కూర్చున్నవారి మీద తుంపర పడుతోంది. నా సంచిలో పూజావస్త్రాలు ఉన్నాయి. అవి తడుస్తాయని లేచి వెనక్కి వెళ్లి ఇంజను పక్కన కూర్చున్నాను. నన్ను చూసి ఇద్దరు యువకులు కూడా వచ్చారు. లంకవారు గుడికి కానుకగా ఇచ్చిన బియ్యం బస్తా, కొబ్బరికాయల గోనె అప్పటికే అక్కడ ఉన్నాయి.

"ఫాదర్ గారూ, తమరు కాస్త ముందుకొచ్చి కూకోండి. వెనకమాల బరువెక్కువైపోద్దండి" అన్నాడు సరంగు.

నేను నవ్వి, "ఇక్కడే బాగుందయ్యా, ఒక్క చుక్క పడటం లేదు" అన్నాను. అతను మారు మాట్లాడలేదు.

రేవు కనిపిస్తోంది. ఇంతలో ఎదురుగా ఎవరిదో వల, నీటి మీద దాని బెండ్లు కనిపించాయి. వల తెగిపోతుందని సరంగు చటుక్కున వేగం తగ్గించాడు. పడవ ఆగింది కాని మా వెనుక వస్తున్న అల ఆగలేదు. అది తుపాను లేపిన అల కాదు, మా పడవ పరుగు లేపిన అల. మేము లేపిన అలే మమ్మల్ని తరుముకుంటూ వచ్చి, వెనుక గోడ దాటి లోపలికి దిగింది. రెప్పపాటులో చీలమండలు మునిగాయి. రెండో అలకు నీరు పిక్కల దాకా వచ్చింది. ముందు కూర్చున్న ఒక తల్లి ఒడిలో జ్వరంతో ఉన్న బిడ్డ. ఆసుపత్రికి తీసుకువెళ్తోంది. ఆమె "దేవమాతా!" అని కేక వేసింది. గంట క్రితం బలిపీఠం దగ్గర నిలబడి విశ్వాసాన్ని గురించి ప్రసంగించిన నాకు నోట మాట రాలేదు. నాకు ఈత రాదు.

సరంగు ఇంజను ఆపలేదు. మెల్లగా వేగం అందుకుని, పడవ ముక్కు అలకు ఎదురు తిప్పి, "అందరూ ముందుకి! బస్తా ముందుకి తొయ్యండి!" అని అరిచాడు. ఒక అవ్వ తన సత్తు గిన్నె తీసుకుని మారు మాట లేకుండా నీళ్లు తోడసాగింది. అలా రేవు చేరాం. బిడ్డ తరువాత కోలుకున్నాడు. దేవునికి స్తోత్రం.

ఒడ్డున పడవను ఇసుక మీదికి లాగి, వెనుక అడుగున ఉన్న బిరడాను సరంగు పీకాడు. నీళ్లు ధారగా బయటికి పోయాయి. నేను పక్కకు వెళ్లి, "తప్పు నాదయ్యా, క్షమించు" అన్నాను.

"నాదేనండి. తమరు ఫాదర్ గారని గట్టిగా చెప్పలేకపోయేను. నీళ్లకి ఫాదర్ గారని తెలవదు కదండీ" అన్నాడు.

ఆ సాయంత్రం ఆ ఇసుకలో కూర్చుని అతను చెప్పిన సంగతులు ఈనాటికీ నాకు ఆత్మపరిశోధనకు పనికివస్తున్నాయి. మీకూ పనికివస్తాయని రాస్తున్నాను.

గోడ ఎందుకు తగ్గింది?

పడవ ముందు కొసను వారు అనియం అంటారు, వెనుక కొసను అమరం అంటారు. అనియం ఎత్తుగా, మొనదేలి ఉంటుంది. అలను చీల్చడానికే దాన్ని అలా కడతారు. అమరం అలా కాదు. ఇంజను మర అడుగుభాగానికి కొద్దిగా కిందుగా నీళ్లలో ఉండాలి. అందుకని ఇంజను కాడ పొడవును బట్టి వెనుక పలకను కోసి తగ్గిస్తారు. చిన్న ఇంజన్లకు ఆ కాడ సాధారణంగా 15 అంగుళాలు గాని 20 అంగుళాలు గాని ఉంటుంది. పొట్టి కాడ ఇంజనుకైతే గోడ మరింత కిందికి కోయాలి. అంటే పడవను ముందుకు నడిపించే శక్తిని ఎక్కడ బిగించామో అక్కడే పడవ గోడ అన్నిటికన్నా తక్కువ ఎత్తు. పైగా ఇంజను బరువు, పెట్రోలు డబ్బా బరువు, నడిపేవాడి బరువు అన్నీ అక్కడే.

మన కుటుంబాలను చూడండి. మన అనియం ఎత్తుగానే ఉంటుంది. ఎదురుగా వచ్చే కష్టాలను మనం చూస్తాం, వాటికి సిద్ధపడతాం. జబ్బు చేస్తే నవదిన జపాలు చేస్తాం, పరీక్షలు వస్తే మొక్కుకుంటాం. కాని మనల్ని నడిపించే శక్తి అని దేన్ని నమ్ముకున్నామో, దాని కోసం గోడ తగ్గించుకున్న చోటు ఒకటి ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. అది వ్యాపారం కావచ్చు, పిల్లవాడి ర్యాంకు కావచ్చు, గల్ఫ్ దేశం నుంచి వచ్చే సంపాదన కావచ్చు. "ఈ ఒక్క ఆదివారం కొట్టు తెరుద్దాం" అంటాం. "ట్యూషన్ ఉంది, జ్ఞానోపదేశం వచ్చే ఏడు చూద్దాం" అంటాం. "రాత్రి అందరూ అలసిపోయారు, జపమాల రేపు చెప్పుకుందాం" అంటాం. ఒక్కొక్కటి ఒక్కో అంగుళం.

ఇంజను పెట్టుకోవడం పాపం కాదు. బ్రతుకుతెరువు దేవుడిచ్చిన వరం. సరంగు కూడా ఇంజను తీసెయ్యమని చెప్పలేదు. రెండు జాగ్రత్తలు చెప్పాడు. ఇంజనుకు కావలసినంతే కోయాలి, అంతకుమించి వేలెడు కూడా కోయకూడదు. కోసిన చోటుకు లోపలివైపున అడ్డుగోడతో చిన్న తొట్టి కట్టాలి. ఎప్పుడైనా అల వెనుక గోడ దాటితే ఆ నీళ్లు తొట్టిలోనే పడి, దాని రంధ్రాల గుండా తిరిగి బయటికే పోతాయి, మనుషులు కూర్చున్న చోటికి రావు.

మన ఇళ్లలో ఆ తొట్టి కుటుంబ సాయంకాల ప్రార్థనే. పగలంతా బయట తిరిగిన మనిషి కోపం, అవమానం, అసూయ మోసుకుని ఇంటికి వస్తాడు. సూర్యుడు అస్తమించే లోపల కోపం విడిచిపెట్టమని పునీత పౌలు ఎఫెసీయులకు రాశాడు (4:26). పడుకోబోయే ముందు పది నిమిషాలు అందరూ కలిసి మోకరించే ఇంట్లో, ఆనాటి నీళ్లు ఆనాడే బయటికి పోతాయి. ఆ అడ్డుగోడ లేని ఇంట్లో అవి పిల్లల పక్కల దాకా వస్తాయి.

మనం లేపిన అల

రెండో సంగతి. పరుగెత్తే పడవ వెనుక అల లేస్తుంది. పరుగు సాగినంత సేపూ అది మనల్ని అందుకోలేదు. చటుక్కున ఆగామా, వచ్చి మీద పడుతుంది.

ఇది మనుషుల విషయంలోనూ నిజమని గురువుగా ఎన్నో మంచాల పక్కన నిలబడి చూశాను. ముప్పై ఏళ్లు ఆగకుండా పరుగెత్తిన మనిషి పదవీ విరమణ చేస్తాడు, లేదా పక్షవాతంతో మంచం పడతాడు. అప్పుడు పాత అలలన్నీ వస్తాయి. మాట్లాడటం మానేసిన తమ్ముడు, మోసపోయిన భాగస్వామి, ఏడిపించిన భార్య, గొప్ప కోసం చేసిన పెళ్లి ఖర్చు తాలూకు అప్పు. "దేవుడు నా మీదికి తుపాను పంపాడు ఫాదర్ గారూ" అంటారు. కొన్ని తుపానులు నిజంగా ఎక్కడి నుంచో వస్తాయి, వాటికి మనం కారణం కాదు. కాని మీదికి వచ్చిన ప్రతి అలనూ దేవుని లెక్కలో రాయకూడదు. కొన్ని మనం లేపినవే.

మరి ఏం చేయాలి? సరంగు చేసినట్టే చేయాలి. అలకు వీపు చూపి కూర్చోకుండా ఎత్తయిన ముక్కు దాని వైపు తిప్పాలి. హృదయ పరివర్తనం అంటే తిరగడమే కదా! వెనుక నుంచి వచ్చి ముంచే పాపం, మనం తిరిగి ఎదుర్కొంటే తల ఒగ్గి పోతుంది. పాపసంకీర్తనం చేసేవాడు చేసేది అదే. దాచిన దాని వైపు ముఖం తిప్పి, "ఇది నాది" అంటాడు. ఆ మాట అనగలిగినవాణ్ణి ఆ అల ఇక ముంచలేదు.

ఇంకొక మాట. చిన్న పడవకు ఎన్నడూ అమరం నుంచి లంగరు వేయరాదట. లంగరు తాడు ఆ తక్కువ గోడనే కిందికి లాగుతుంది, అలలు అక్కడే కొడతాయి. పునీత పౌలు ఎక్కిన పెద్ద ఓడ నుంచి వెనుకవైపు నాలుగు లంగరులు వేసినట్టు అపోస్తలుల కార్యాలలో ఉంది (27:29). ఎత్తయిన ఆ ఓడకు ఆ రాత్రి అది చెల్లింది. మరునాడు ముందు భాగం ఇసుకతిన్నెలో కూరుకుపోతే, అలల దెబ్బకు ఆ ఓడకు కూడా ముందుగా విరిగింది వెనుక భాగమే (27:41). మన చిన్న పడవలను పాత పగలకు లంగరు వేసి నిలపకూడదు. పొలం గట్టు తగాదాతో ఏళ్ల తరబడి పలకరింపులు లేని అన్నదమ్ములు మన విచారణల్లో లేరా? ఒకే బలిపీఠం నుంచి దివ్యసత్ప్రసాదం స్వీకరించి వేర్వేరు గుమ్మాల నుంచి వెళ్లిపోయేవారు లేరా? ఆ తాడు విప్పండి. అవతలివాడు ముందు విప్పాలని చూస్తూ కూర్చుంటే మునిగేది మన పడవే.

రంగు కింద చెక్క

మూడోది కంటికి కనిపించదు. చాలా ఫైబర్ పడవల్లో వెనుక పలక లోపల చెక్క ఉంటుంది. ఇంజను బిగించడానికి బోల్టుల కోసం దానికి రంధ్రాలు వేస్తారు. ఆ రంధ్రాల చుట్టూ జిగురు మందు సరిగా పూయకపోతే తేమ చెక్కలోకి ఎక్కుతుంది. పైన ఫైబరు, రంగు నిగనిగలాడుతూనే ఉంటాయి. లోపల చెక్క మెత్తబడి కుళ్లుతుంది. ఒకనాడు ఇంజనే పలకతో సహా ఊగుతుంది. సరంగు తన పడవను అప్పుడప్పుడు వేళ్ల కణుపులతో తట్టి చూసేవాడు. గట్టి చెక్క ఒకలా పలుకుతుంది, కుళ్లిన చెక్క బోదగా పలుకుతుంది.

చావైన పాపం పెద్ద చిల్లు లాంటిది, చేసినవాడికి తెలుస్తుంది. అల్ప పాపం బోల్టు రంధ్రం లాంటిది. చిన్న అబద్ధం, తూకంలో చిన్న తేడా, సెల్‌ఫోనులో ఎవరూ చూడకుండా చూసిన బొమ్మ, పొరుగింటి పిల్ల గురించి అన్న ఒక మాట. పండుగ నాడు కొత్త బట్టలతో మొదటి వరుసలో నిలబడినంత మాత్రాన లోపలి చెక్క గట్టిపడదు. రాత్రి పడుకునే ముందు మనస్సాక్షిని ఒక్కసారి తట్టి, ఎలా పలుకుతుందో వినండి.

బిరడా ఎవరు పెట్టారు?

ఆనాడు నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది ఆ చిన్న బిరడా. పడవ ఒడ్డున ఉన్నప్పుడు దాన్ని తీయాలి, లోపలి నీళ్లు పోతాయి. నీటిలో దించే ముందు పెట్టాలి, లేకపోతే అదే రంధ్రం నుంచి నీరు వస్తుంది. రంధ్రం ఒకటే. మన హృదయం కూడా అంతే. పాపసంకీర్తనపు పీట దగ్గర దాన్ని పూర్తిగా తెరవాలి. లోకంలోకి దిగేటప్పుడు మూయవలసిన చోట మూయాలి. చాలామందిమి దీన్ని తలకిందులు చేస్తున్నాం. గురువు ముందు నోరు మూసుకుంటాం, టీకొట్టు దగ్గర అంతా తెరుస్తాం.

"బిరడా పెట్టకుండా ఎవరైనా పడవ దించుతారా?" అని అడిగాను. "దించుతారండి. ఇద్దరు మనుషులుంటేనే దించుతారు. నువ్వెట్టేవనుకున్నానని ఇతను, నువ్వెట్టేవనుకున్నానని అతను" అన్నాడు.

తల్లిదండ్రులారా, ఈ మాట మనసులో పెట్టుకోండి. పిల్లలకు ప్రార్థనలు తల్లి నేర్పుతుందని తండ్రి, ఉపదేశిగారు నేర్పుతారని తల్లి, కాన్వెంటులో సిస్టర్లు చూసుకుంటారని ఇద్దరూ అనుకుంటారు. సిస్టర్లేమో ఇంట్లో నేర్పి ఉంటారని అనుకుంటారు. జ్ఞానస్నానం నాడు వెలిగించిన కొవ్వొత్తి పట్టుకుని మాట ఇచ్చింది ఎవరు? పడవ నీళ్లలో దిగకముందే చేతితో తడిమి చూడండి. పిల్లవాడు హాస్టలుకు వెళ్లాక తడుముకుంటే ఆలస్యమవుతుంది.

నీరు వంగిన వైపుకే పోతుంది

లోపల చేరిన నీరు ఒకచోట నిలవదు. లీటరు నీరు కిలో బరువు. వంద లీటర్లు చేరితే ఒక క్వింటాలు. అదీ కట్టేసిన బస్తా కాదు, కదిలే బరువు. పడవ ఏ వైపు వంగితే ఆ వైపుకే ఒక్కుమ్మడిగా పరుగెత్తి దాన్ని మరింత వంచుతుంది. అమరం కిందికి దిగిన కొద్దీ తరువాతి అల మరింత సులువుగా లోపలికి వస్తుంది. కుటుంబంలో నిలవ ఉన్న పాపం కూడా బలహీనుడి వైపుకే పరుగెత్తుతుంది. తండ్రి తాగుడు భారం పెద్దవాళ్ల మీద ఆగదు, ఇంట్లో అందరికన్నా చిన్న బిడ్డ మీద పడుతుంది. ఆ రోజు నా మొండితనం వల్ల ప్రమాదంలో పడింది నేను ఒక్కణ్ణే కాదు, ముందు కూర్చున్న ఆ జ్వరపు బిడ్డ కూడా.

నేను ఎందుకు వెనక్కి వెళ్లాను? అక్కడ తుంపర పడదని. ఎవరికి వారు తడవని చోటు చూసుకుంటే పడవ వెనక్కి ఒరుగుతుంది. గుడిలోనూ చూస్తున్నాను. ముందు వరుసలు ఖాళీ, వెనుక గుమ్మం దగ్గర తొక్కిడి! గాయక బృందంలో, విన్సెంట్ డి పాల్ సభలో, మరియ దళంలో కాస్త తుంపర పడే పనులున్నాయి. ముందుకు రండి. మీరు ముందుకు జరిగితే పడవ సమంగా నిలుస్తుంది.

ప్రభువు ఉన్న చోటు

ఇప్పుడు మార్కు సువిశేషానికి తిరిగి వద్దాం. 1986లో గలిలయ సరస్సు నీటిమట్టం తగ్గినప్పుడు, గెన్నెసరెతు ప్రాంతపు ఒడ్డు బురదలో ప్రభువు కాలపు నాటి పడవ ఒకటి బయటపడింది. సుమారు 8 మీటర్ల పొడవు, రెండుంబావు మీటర్ల వెడల్పు. అది ఎవరిదో మనకు తెలియదు. కాని శిష్యులు ఎక్కిన పడవలు ఎంత చిన్నవో దాన్ని చూస్తే అర్థమవుతుంది. అంత చిన్న పడవలోకి అలలు ఎగిసిపడుతున్నాయి, పడవ నిండిపోతోంది. ప్రభువు వెనుక భాగంలో ఉన్నాడు.

2020 మార్చి 27న, కరోనాతో లోకమంతా తలుపులు మూసుకున్న సాయంకాలం, ఫ్రాన్సిస్ జగద్గురువులు నిర్మానుష్యమైన పునీత పేతురు ప్రాంగణంలో వానలో నిలబడి ఈ సువిశేషం మీదనే ప్రసంగించారు. 2025లో ప్రభువు సన్నిధికి చేరిన ఆ తండ్రి, ఆనాడు ఒక సంగతిని ఎత్తి చూపారు. ప్రభువు పడుకున్నది పడవలో అన్నిటికన్నా ముందు మునిగే భాగంలో అని! అది విన్నప్పుడు నాకు ఆ గోదావరి పాయ, ఆ సరంగు, ఆ సత్తు గిన్నె కళ్ల ముందు నిలిచాయి.

ప్రియమైన వారలారా, ప్రభువు మన ఇంట్లో ఎత్తుగా కట్టుకున్న చోట, నలుగురికీ చూపించుకునే చోట మాత్రమే ఉంటాడని అనుకుంటాం. ఆయన మాత్రం గోడ తగ్గిన చోట, మనం సిగ్గుపడి చూడని చోట ఉన్నాడు. నీళ్లు మనల్ని తాకకముందే ఆయనను తాకుతున్నాయి. కనుక వెనక్కి తిరిగి చూడటానికి భయపడకండి. అక్కడ కనిపించేది మన పాపం ఒక్కటే కాదు, మన రక్షకుడు కూడా.

ఆయనను లేపండి. అయితే చేతులు కట్టుకుని లేపకండి. ఆ రోజు పడవలో ఒక తల్లి దేవమాతను పిలిచింది, ఒక అవ్వ నీళ్లు తోడింది. రెండూ జరిగాయి, రెండూ కావాలి. ఈ వారం ప్రతి కుటుంబం ఒక సాయంకాలం కలిసి కూర్చుని ఒక్క ప్రశ్న వేసుకోండి: "మన ఇంట్లో గోడ ఎక్కడ తగ్గింది?" భార్య చెబితే భర్త కోపగించుకోవద్దు. పిల్లలు చెబితే పెద్దలు కసరవద్దు. నన్ను హెచ్చరించడానికి మొహమాటపడిన సరంగు లాగా మీ ఇంట్లో ఎవరూ ఊరుకునే పరిస్థితి తేవద్దు. ఆ తరువాత శనివారం పాపసంకీర్తనానికి రండి. ఒడ్డున పడవ నిలిపి బిరడా తీయండి, ఉన్న నీళ్లన్నీ పోనివ్వండి. ఆదివారం దివ్యసత్ప్రసాదం స్వీకరించి, బిరడా గట్టిగా బిగించి మళ్లీ నీటిలోకి దిగండి.

ప్రార్థిద్దాం: ప్రభువా, మేము ముందే చూస్తూ వెనుక మరిచాం. మా తక్కువ గోడ దగ్గర నీవు తడుస్తున్నావు. మేము లేపిన అలల వైపు తిరిగే ధైర్యం మాకు దయచేయుము. మా ఇంటిలోని అందరికన్నా చిన్నవారిని కాపాడుము. మా పడవలను నీ రేవుకు చేర్చుము. ఆమెన్.